దారిలో వేడెక్కి ఆగిపోయే పాత బుల్లెట్: ఇంజను విప్పే ముందు కాయిల్ చూడండి

మీరు రాసిన దాని సారాంశం ఇది. నెల్లూరులో మీ నాన్నగారు నడిపిన 1982 నాటి బుల్లెట్ 350 ఇప్పుడు చెన్నై వేళచ్చేరిలో మీ దగ్గరుంది. పొద్దున రెండో కిక్కుకే అందుకుంటుంది. ఆఫీసుకు వెళ్లే దారిలో గిండీకో కత్తిపారాకో చేరేసరికి రెండు మూడుసార్లు తడబడి ఆగిపోతుంది. అరగంట నీడలో పెడితే మళ్లీ మామూలే. మెకానిక్ ప్లగ్గు మార్చాడు, పాయింట్లు (కాయిల్‌కు వెళ్లే కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు) మార్చాడు, కార్బురేటర్ కడిగాడు, ఇప్పుడు ఇంజను విప్పుదామంటున్నాడు. ఇదంతా చెప్పాక, ఏదో గుర్తొచ్చి చేర్చినట్టు చివర మూడు సంగతులు రాశారు. హెడ్‌లైటు వెలుగు చాలక నిరుడు బండిని 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మార్పించారు. ఆదివారం తెల్లవారుజామున ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం వెళ్లి వస్తే ఒక్కసారీ ఆగలేదు. కొత్తగా వేసిన పాయింట్లు అప్పుడే నల్లబడిపోయాయి. నాకు మీ ప్రశ్నలో అన్నిటికంటే విలువైనవిగా కనిపించింది ఈ మూడే. ఇంజను మీద మాత్రం ప్రస్తుతానికి ఎవరినీ చేయి వేయనివ్వకండి.

ఇంజను సంగతి ముందే తేల్చేద్దాం. ఈసారి బండి ఆగినప్పుడు కిక్కు రాడ్ మీద నెమ్మదిగా బరువు వేసి చూడండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎంత గట్టిగా ఎదురిస్తుందో వేడి మీదా అంతే గట్టిగా ఉంటే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) బాగానే ఉన్నట్టు. మెత్తగా దిగిపోతే అప్పుడు వాల్వులను కదిలించే ట్యాపెట్లు చూడాలి. వాటిని మరీ బిగించి పెడితే వేడికి వాల్వులు పూర్తిగా మూసుకోక బండి ఆగిపోవడం ఉంది. చల్లటి ఇంజనులో వాల్వులు రెండూ మూసి ఉన్నప్పుడు పుష్ రాడ్లు వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. పది నిమిషాల్లో అయిపోయే పని ఇది, ఇంజను విప్పనక్కర్లేదు.

పెట్రోలు మీద కూడా అనుమానం రావడం సహజం. ట్యాంకు మూతలో గాలి రంధ్రం పూడుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు దిగదు. కొంతదూరం నడిచి ఆగిపోవడం, కాసేపు ఆగితే మళ్లీ నడవడం అనే లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. కానీ అదే కారణమైతే పెట్రోలు ఎక్కువ తాగే చోట, అంటే ఈసీఆర్ మీద వేగంగా వెళ్లినప్పుడు, బండి ముందే ఆగాలి. మీకు జరిగింది సరిగ్గా దీనికి వ్యతిరేకం: వేగంగా వెళ్తే నడిచింది, సిగ్నళ్ల దగ్గర ఆగింది. అందుకే నేను పెట్రోలును పక్కన పెడుతున్నాను. అయినా ఆగిన వెంటనే మూత ఒకసారి తెరిచి చూడండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు రాకపోతే ఆ అనుమానం తీరిపోతుంది.

ఇక అసలు విషయం. 6 వోల్టుల బండిని 12కు మార్చడమంటే బ్యాటరీ, బల్బులు, హారన్ మారిస్తే సరిపోదు. బ్యాటరీ చార్జింగును సరిచేసే రెక్టిఫైయర్, రెగ్యులేటర్ చూసుకోవాలి, ప్లగ్గుకు స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ కూడా మార్చాలి. చాలామంది వదిలేసేది ఆ కాయిల్‌నే, ఎందుకంటే మార్చకపోయినా బండి స్టార్టవుతుంది. స్టార్టవడమేమిటి, మొదట్లో ముందుకంటే చురుగ్గా అందుకుంటుంది కూడా, కరెంటు ఎక్కువ వెళ్తోంది కదా. మార్చినవాడు అది చూసి సంతోషించి బిల్లు రాసి ఇచ్చేస్తాడు.

6 వోల్టుల కాయిల్ ప్రైమరీ చుట్టు (బ్యాటరీ కరెంటు వెళ్లే తీగ) నిరోధం సుమారు ఒకటిన్నర ఓములు ఉంటుంది. పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు 6 వోల్టుల బ్యాటరీ నుంచి దానిలోకి దాదాపు 4 ఆంపియర్లు వెళ్తాయి. దానికే 12 వోల్టులు ఇస్తే 8 ఆంపియర్లు. కరెంటు రెట్టింపైతే కాయిల్‌లో పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. లోపలి సన్నటి తీగ మీది ఇన్సులేషన్ ఆ వేడికి లొంగి, చుట్టుకూ చుట్టుకూ మధ్య కరెంటు దారి తీసుకుంటుంది, ప్లగ్గు దగ్గర స్పార్కు మాయమవుతుంది. చల్లారితే మళ్లీ వస్తుంది. కొన్నాళ్లకు ఇక రాదు.

ఈసీఆర్ మీద ఎందుకు ఆగలేదో కూడా ఇక్కడే తేలుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పాయింట్లు ప్రతిసారీ ఎక్కువసేపు మూసుకుని ఉంటాయి కనుక కాయిల్‌లోకి కరెంటు పూర్తిగా నిండుతుంది, నిండి అలాగే ప్రవహిస్తూ ఉంటుంది. వేగంగా తిరిగితే నిండటానికి దొరికే సమయం తగ్గి, సగటున వెళ్లే కరెంటు తగ్గుతుంది. దానికి తోడు తెల్లవారుజామున సముద్రపు గాలి. అదే కత్తిపారా దగ్గర ట్రాఫిక్‌లో, ఎండలో, ఇంజను వేడి నేరుగా పైకి కొడుతుంటే ట్యాంకు కింద ఇరుక్కున్న కాయిల్‌కు గాలెక్కడిది? పైగా ఆ నెమ్మది వేగంలో, కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఇచ్చేదానికంటే కాయిల్ తినేదే ఎక్కువై బ్యాటరీ కూడా దిగిపోతూ ఉంటుంది. పాయింట్లు నల్లబడటానికి కారణం వేరే వెతకక్కర్లేదు. 4 ఆంపియర్లు తెంచడానికి చేసిన పాయింట్ల చేత 8 తెంపిస్తే కాలక ఏం చేస్తాయి?

నేను చెప్పింది నమ్మి కాయిల్ కొనేయకండి. మీ బండి మీదే దీన్ని రుజువు చేసే పరికరం ఉంది. హెడ్‌లైటు పైన ఉన్న, కరెంటు ఎంత వెళ్తోందో చూపే అమ్మీటరును చాలామంది అలంకారం అనుకుంటారు. పాత బుల్లెట్ నడిపిన పెద్దవాళ్లు మాత్రం దాన్ని చూడకుండా కిక్కు కొట్టరు. డీకంప్రెషన్ లివర్ (కిక్కు తేలికగా దిగేలా సిలిండర్ ఒత్తిడిని వదిలే పిడి) పట్టి, సూది మధ్యకు వచ్చేదాకా కిక్కు రాడ్‌ను మెల్లగా దించి, లివర్ వదిలి, రాడ్‌ను పైకి రానిచ్చి, అప్పుడు తంతారు. సూది మధ్యకు వచ్చిందంటే పాయింట్లు తెరుచుకున్నాయని, పిస్టన్ పైకి పూర్తిగా చేరే చోటుకు దగ్గరైందని అర్థం. అదే సూదిని ఇప్పుడు పరీక్షకు వాడుకుందాం.

ఇంట్లో, బండి చల్లగా ఉన్నప్పుడు, లైట్లన్నీ ఆపి తాళం తిప్పండి. ప్లగ్గు విప్పేస్తే తిప్పడం సులువు. కిక్కు రాడ్‌ను చేత్తో కొంచెం కొంచెంగా దించుతూ సూదిని చూడండి. పాయింట్లు మూసుకున్నప్పుడు సూది మైనస్ వైపు వాలుతుంది, తెరుచుకోగానే మధ్యకు వచ్చేస్తుంది. ఎంత వాలిందన్నదే మనకు కావాలి. 12 వోల్టుల బ్యాటరీతో 3, 4 ఆంపియర్ల దగ్గర నిలిస్తే కాయిల్ సరైనదే, నా అనుమానం తప్పు. 7, 8 దాకా పడిపోతే ఇక సందేహం అక్కర్లేదు. అమ్మీటరు పాతబడి సూది బద్ధకంగా కదులుతుంటే మల్టీమీటరు తీసుకోండి. కాయిల్ మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని గుర్తులున్న రెండు చిన్న టెర్మినళ్లు ఉంటాయి, కొన్నిటి మీద ప్లస్, మైనస్ అని ఉంటుంది. తాళం ఆపి, ఒక తీగ విప్పి, ఆ రెండింటి మధ్య ఓములు కొలవండి. ముందు మీటరు ముళ్లు రెండూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను తీసివేయడం మరవకండి, ఇంత చిన్న నిరోధంలో ఆ తేడాయే తీర్పును మార్చేస్తుంది. ఒకటిన్నర దగ్గర వస్తే 6 వోల్టులది, 3 నుంచి 4 మధ్య వస్తే 12 వోల్టులది. కాయిల్ డబ్బా మీద మట్టి తుడిస్తే చాలాసార్లు వోల్టేజీ ముద్రించే ఉంటుంది. మీ మెకానిక్ మొదటే అది చదివి ఉంటే ఇన్ని పరీక్షలతో పని ఉండేది కాదు.

ఈ పరీక్ష చేసేటప్పుడు సూది మైనస్‌లో ఉండగా తాళం అలాగే వదిలి టీ తాగడానికి వెళ్లకండి. ఇంజను తిరగకపోయినా కాయిల్ కాలుతూనే ఉంటుంది.

కాయిల్ సరైనదే అని తేలితే? అప్పుడు దారిలో ఆగిన చోటే పరీక్ష చేయాలి. జ్వరం తగ్గాక డాక్టరుకు చూపించినట్టు, చల్లారిన బండిని షెడ్డుకు నెట్టుకెళ్లి చూపిస్తే ఎంత మంచి మెకానిక్‌కైనా ఏమీ దొరకదు. దొరక్కపోతే అతను చేసేది ఒకటే, ఏదో ఒక సామాను మార్చడం. మీకు జరిగింది అదే.

ఆగగానే పక్కకు తీసి, తాళం తిప్పి, డీకంప్రెషన్ లివర్ పట్టి కిక్కు రాడ్ మెల్లగా దించుతూ సూది చూడండి. సూది అసలు కదలకుండా మధ్యలోనే ఉంటే కాయిల్‌లోకి కరెంటే వెళ్లడం లేదు. హారన్ కూడా మోగకపోతే ఫ్యూజు, బ్యాటరీ టెర్మినళ్లు, తాళం. హారన్ మోగుతుంటే తాళం నుంచి కాయిల్‌కు, కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే తీగ, లేదా మురికిపట్టి అంటుకోని పాయింట్లు. ఇందుకు విరుద్ధంగా సూది మైనస్‌లోనే ఇరుక్కుని మధ్యకు రాకపోతే, పాయింట్లు తెరుచుకోవడం లేదు లేదా ఆ తీగ ఎక్కడో బాడీకి తగులుతోంది. పాయింట్ల స్క్రూ కింద ఉండే చిన్న ఫైబర్ వాషరు విరిగితే ఇలాగే అవుతుంది. పాయింట్ల దగ్గర మంటను అణిచే కండెన్సర్ లోపల షార్టైనా ఇంతే. సూది చక్కగా అటూ ఇటూ ఊగుతూ ఉండి, స్పార్కు మాత్రం రాకపోతే ప్రైమరీ వైపు దారి తెగలేదన్న మాట. మిగిలేవి కాయిల్ లోపలి సెకండరీ చుట్టు (ప్లగ్గుకు స్పార్కు పంపే తీగ), ప్లగ్గు తీగ, క్యాప్, ప్లగ్గు, కరెంటు పట్టుకోని కండెన్సర్. 12 వోల్టుల కాయిల్ అయినా ముసలిదైతే వేడికి సెకండరీ చేతులెత్తేయవచ్చు, దాన్నీ వదిలిపెట్టకండి.

స్పార్కు చూడటానికి ఒక పాత ప్లగ్గును తయారు చేసుకుని టూల్ బాక్సులో ఉంచుకోండి. దాని పక్క ఎలక్ట్రోడును వంచి మధ్య ఎలక్ట్రోడుకు 5, 6 మిల్లీమీటర్ల దూరం పెట్టండి. మామూలు గ్యాపుతో బయట గాలిలో బలహీనమైన కరెంటు కూడా దూకేస్తుంది, లోపల కంప్రెషన్‌లో మాత్రం దూకలేదు. ‘కరెంటు బాగానే వస్తోంది సార్’ అని మెకానిక్కులు మోసపోయేది ఇక్కడే. ఈ వెడల్పు గ్యాపును నీలంగా, టిక్కుమనే చప్పుడుతో దూకితే బలమైన స్పార్కు. పసుపుగా, ఎర్రగా, సన్నగా వస్తే చాలదు. ప్లగ్గు లోహభాగం సిలిండర్ హెడ్డుకు గట్టిగా తాకేలా ఆనించాలి, క్యాప్ తప్ప దేన్నీ చేత్తో పట్టుకోకూడదు. అసలు ప్లగ్గును దాని రంధ్రంలోనే ఉంచండి. తీసి ఆ రంధ్రం పక్కనే స్పార్కు చూస్తే లోపలి నుంచి వచ్చే పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. మధ్యాహ్నం ఎండలో రంగు తెలియదు, ఏదైనా నీడ చూసుకోండి.

కండెన్సర్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే దొంగ అదైతే దొరకడం కష్టం. పాయింట్లు తెరుచుకునే క్షణంలో అక్కడ పుట్టే మంటను అణిచి, కాయిల్‌లో కరెంటును ఠక్కున తెంచడం దాని పని. అది చెడితే పాయింట్ల మధ్య తెల్లటి పెద్ద మెరుపు కనిపిస్తుంది, ప్లగ్గు దగ్గర మాత్రం స్పార్కు నీరసంగా ఉంటుంది. సైలెన్సరులో టపాసులు పేలతాయి, వేడికి ఇంకా ముదురుతుంది. చీకటిపడ్డాక, పాయింట్లు ఉండే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి ఒకరు కిక్కు కొడుతుంటే ఇంకొకరు పాయింట్లను చూస్తే చాలు. చిన్న నీలి చుక్క సహజం, వెల్డింగు మెరుపు కాదు. అనుమానం ఉంటే పాత కండెన్సర్ తీగ విడదీసి, పాయింట్లతో నడిచే కార్లకు వాడే కండెన్సర్ ఒకటి తెచ్చి, దాని తీగను కాయిల్ సీబీ టెర్మినల్‌కు, ఒంటిని శుభ్రమైన ఇనుముకు కలిపి నడిపి చూడండి. ఇవన్నీ దాదాపు 0.2 మైక్రోఫారడ్ దగ్గరవే, బండికి ఏమీ కాదు. అలా వేసింది బాగా పనిచేసిందని ట్యాంకు కింద శాశ్వతంగా బిగించుకున్నవాళ్లు చాలామంది. నా అభిప్రాయంలో అదే మంచి చోటు, ఇంజను వేడికి దూరం.

పాయింట్ల గ్యాపు పూర్తిగా తెరుచుకున్న చోట 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి. కొత్త పాయింట్లకు తుప్పు పట్టకుండా పూసిన నూనె పొర ఉంటుంది, తుడవకుండా బిగిస్తే ఆ నూనే కాలి నల్లబడుతుంది. క్యామ్ మీద రుద్దుకునే ఫైబర్ మడమ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో త్వరగా అరిగి గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గితే టైమింగు (స్పార్కు పడే సమయం) వెనక్కి పోతుంది, ఇంజను అనవసరంగా వేడెక్కుతుంది. అందుకే 500 కిలోమీటర్లకు మళ్లీ చూసుకోవాలి, మడమ దగ్గర చిటికెడు గ్రీజు పెట్టాలి. టైమింగు విషయానికొస్తే, అడ్వాన్సు బరువులు (వేగం పెరిగేకొద్దీ స్పార్కును ముందుకు జరిపేవి) పూర్తిగా మూసుకుని ఉండగా, పిస్టన్ పైకి పూర్తిగా చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు తెరుచుకోవడం మొదలవ్వాలి. కిక్కు ఎదురు తన్ని కాలికి దెబ్బ తగులుతుంటే ఆ బరువులు తెరుచుకున్న చోటే పట్టుకుపోయాయేమో చూడండి. మీకు ఆ బాధ లేదంటున్నారు కనుక వాటి జోలికి వెళ్లకండి.

చెన్నైలో ఉన్నంతకాలం తీగల అతుకులను నమ్మకండి. అడయారు, తిరువాన్మియూరు లాంటి సముద్రం పక్క పేటల్లో పార్కు చేసే బండ్లకు పైకి కనిపించని పచ్చటి చిలుము లోపల పడుతుంది. నవంబరు వానలో వేళచ్చేరి నీళ్లలోంచి బండి తోలినప్పుడు ప్లగ్గు క్యాప్‌లోకి నీరు చేరుతుంది. క్యాప్‌ను తిప్పి ఊడదీసి, తీగ చివర అర సెంటీమీటరు కోసి, రాగి పోగులు మెరుస్తుండగా మళ్లీ బిగించండి. బ్యాటరీ నుంచి ఫ్రేముకు వెళ్లే ఎర్తు తీగ కింద పెయింటు గీకండి. ఖర్చు లేని పనులు ఇవి.

కొనడానికైతే మౌంట్ రోడ్డు పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్త సామాన్ల దుకాణాలున్నాయి. పాయింట్లతో నడిచే 12 వోల్టుల కాయిల్ కావాలని స్పష్టంగా అడగండి, మీటరు వెంట తీసుకెళ్లి అక్కడే కొలవండి. పాయింట్లు లేని సీడీఐ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) బండ్ల చిన్న కాయిల్ చూపించి ఇదీ పన్నెండే అంటారు. దాని ప్రైమరీ ఒక ఓము కూడా ఉండదు, మీ పాయింట్లకు ఇప్పుడున్న దానికంటే ప్రమాదం. పుదుప్పేటలో పాత ఒరిజినల్ కాయిల్ దొరకవచ్చు, అది కొనడంలో తప్పులేదు. కండెన్సర్ మాత్రం పాతది ఎప్పుడూ కొనకండి. కొత్త కండెన్సర్లలోనూ నాసిరకం ఎక్కువ, రెండు తెచ్చుకుని ఒకటి టూల్ బాక్సులో పెట్టుకోండి.

ఈ గొడవంతా లేకుండా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేయించేస్తే పోలేదా అని మీ స్నేహితుడు సలహా ఇచ్చాడన్నారు. వేయించుకోవచ్చు, మంచివి ఉన్నాయి. కానీ తప్పు కాయిల్, చిలుము పట్టిన ఎర్తు అలాగే ఉంచి కిట్ వేస్తే కిట్ కూడా పోతుంది. పైగా పాయింట్లు చెడితే రోడ్డు పక్కన స్క్రూడ్రైవరుతో ఇల్లు చేరవచ్చు, కిట్ చెడితే మినీ వ్యాన్ ఎక్కించాల్సిందే. తిరువొత్తియూరులో తయారైన ఆ తరం బండికి నేనైతే పాయింట్లే ఉంచుతాను.

కొత్త కాయిల్ బిగించేటప్పుడు క్లాంపు స్క్రూను డబ్బా నొక్కుకుపోయేంత బిగించకండి, కదలకుండా ఉంటే చాలు. నల్లబడ్డ పాయింట్లను రుద్ది సరిపెట్టకుండా వాటినీ మార్చండి. బ్యాటరీని ఒక రాత్రి బయట చార్జింగుకు పెట్టండి, ఇంతకాలం సగం ఆకలితో ఉంది. ఆ తర్వాత బండి స్టార్ట్ చేసి కొంచెం రేసు చేస్తే బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దరిదాపు రావాలి. రాకపోతే నిరుడు చేసిన మార్పులో కాయిల్ ఒక్కటే కాదు, రెగ్యులేటర్ కూడా సరిగా పడలేదన్న మాట. అప్పుడు ఆల్టర్నేటర్ నుంచి వచ్చే తీగల రంగులు, అవి ఎక్కడెక్కడ కలిశాయో చూసి రాయండి, కాయిల్ మీద కొలిచిన ఓములతో పాటు.